గోడ మీద రాసిన చుట్లు

నా షాపుకు కొత్తగా వచ్చినవాళ్ళు అరలు, గోడలు, మోటార్లకు వేలాడే రేకు బిళ్ళలు చూసి, "ఏమప్పా, గుడి మాదిరి పెట్టుకున్నావే" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. లోపల మాత్రం గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. ఈ పద్ధతి నాకు బుద్ధి ఉండి వచ్చింది కాదు. ఒకామె చీనీ తోటను, అదే బత్తాయి తోటను, నేను ఎండబెట్టిన తర్వాత వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, పొగడ్తలు మాత్రం చాలాకాలం పుచ్చుకున్నాను.

నాది బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు. శింగనమల బస్సులు తిరిగే రోడ్డు పక్కన, రేకుల కప్పు కింద ఒకే ఒక గది. ఎండాకాలం వస్తే మా దిక్కు బోర్లలో నీళ్ళు కిందికి పోతాయి, మోటార్లు పైకి వస్తాయి. కాలిపోయిన మోటారును ఆటోలోనో, బండికి అడ్డంగా తాడు కట్టో తెచ్చి నా ముందు దించుతారు. లోపల మాడిన రాగి తీగను పీకి కొత్త తీగ చుట్టి ఇవ్వడం నా పని.

ఈ పనికి ప్రాణం ఒక్క లెక్కలో ఉంది. పాత తీగ పీకేటప్పుడు ఒక్కో గాడిలో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోవాలి. కొత్త తీగ సరిగ్గా అన్నే చుట్లు చుట్టాలి. ఎక్కువైతే మోటారు నీరసంగా తిరుగుతుంది, తక్కువైతే కరెంటు ఎక్కువ లాగి మాడిపోతుంది. బయటికి చూస్తే మోటార్లన్నీ ఒకే తీరు. లోపలి లెక్క మాత్రం కంపెనీకొకటి.

అనంతపురంలో నాకు పని నేర్పిన ఉస్తాదు ఆ లెక్కను చిన్న కాగితం మీద రాసి, కింద రైతు పేరు, ఊరు రాసి, దాన్ని ఆ మోటారుకే దారంతో కట్టేవాడు. సాయంత్రం కూర్చుని మళ్ళీ నోటుబుక్కులోకి ఎక్కించేవాడు. ముసలాయనకు మతిమరుపు, అందుకే ఈ తిప్పలు అనుకునేవాణ్ణి. నా సొంత షాపు తెరిచాక కాగితాలు, దారాలు నాకెందుకు అనుకున్నాను. చేతిలో సుద్దముక్క, ఎదురుగా గోడ. చుట్లు లెక్కపెట్టడం, గోడ మీద అంకె వేయడం. అంతే. ఎవరి మోటారుది ఏ అంకె అన్నది నా తలకాయలో ఉండేది.

దాని మీద నాకు మహా గర్వం. గోడ నిండా వందల అంకెలు, ఒక్కదానికీ పేరు లేదు. రైతు వచ్చి నిలబడితే, "నీది ఆ మూల, పగులు పక్కన ఉండాది చూడు" అని వెనక్కి తిరగకుండానే చెప్పేవాణ్ణి. "కంప్యూటరప్పా నీ బుర్ర" అని వాళ్ళు నోళ్ళు తెరిస్తే నేను ఉబ్బిపోయేవాణ్ణి. నట్లు టీ గ్లాసులో, బుష్షులు చెప్పుల పెట్టెలో, ఒకరి మోటారు మూత ఇంకొకరి మోటారు కింద. వెతుక్కోవడానికే సగం పూట పోయేది. ఆ సగం పూటనూ పని కిందే జమకట్టేవాణ్ణి.

మా ఆవిడ మధ్యాహ్నాలు షాపుకు వచ్చి గాడుల్లో పెట్టే కాగితాలు కత్తిరించి ఇచ్చేది. ఆమెకు ఆ గోడ అంటే పడదు. "ఒక బుక్కు పెట్టుకోరాదా అబ్బా. నీకేమన్నా అయితే ఈ గోడను నేను ఎవురి చేత చదివిచ్చేది?" అని అడిగింది ఒకసారి. నాకేం కాదులే అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడికి ఎవరేం చెప్పగలరు?

ఆ ఏడు ఎండలు ముదిరాక ఒకామె ఆటోలో మోటారు తెచ్చింది. ఆమె సీట్లో కూర్చోలేదు, మోటారు పక్కనే కింద కూర్చుని దాని మీద చెయ్యి వేసుకుని వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది ఉంటుంది, అక్కా అన్నాను. శింగనమల చెరువుకు అవతల, చెరువు నీళ్ళు ఎక్కని మెట్టలో ఆమె తోట. భర్త బెంగళూరులో వాచ్‌మన్. ఇక్కడ నూట ఇరవై చీనీ చెట్లు, ఒక బోరు, ఆమె.

"అప్పా, కాయ గోలీకాయంత ఉండాది. ఇంకా పది దినాలు నీళ్ళు లేకుంటే అంతా రాలిపోతాది. నాది ముందు కట్టియ్యి" అంది. సరే అక్కా, నీదే ముందు అన్నాను.

అదే రోజు రాప్తాడు వైపు నుంచి ఇంకో మోటారు వచ్చింది. అదే లావు, అదే పొడుగు. సాయంత్రం లోపల రెండూ విప్పి, తీగ పీకి, చుట్లు లెక్కపెట్టి, గోడ మీద ఒకదాని కింద ఒకటి రెండు అంకెలు వేశాను. మాడిన తీగ అంతా ఒకే గోతంలో తొక్కాను. మరుసటి పొద్దున పాత సామాను కొనేవాడు వచ్చి దాన్ని ఎత్తుకుపోయాడు. మేము మా ఆవిడ వాళ్ళ చుట్టాల పెళ్ళికి విడపనకల్లు పోయాము. రెండు రోజులు తిన్నాము, పడుకున్నాము, ఊరి నడుమ మైకు పాటలు విన్నాము.

తిరిగి వచ్చి గోడ ముందు నిలబడ్డాను. రెండు అంకెలూ ఉన్నాయి. పైది అక్కదా, కిందిది అక్కదా? గుర్తు రాలేదు. కళ్ళు మూసుకున్నాను, మళ్ళీ తెరిచాను. ఆ సాయంత్రం నేను ఏ మోటారు ముందు విప్పానో కూడా తలకాయలో లేదు. తీగ ఉంటే మళ్ళీ లెక్కపెట్టేవాణ్ణి, అది గోతంతో సహా పోయింది.

జేబులో ఫోను ఉంది. కంపెనీ పేరు చెప్పి ఉస్తాదును అడిగితే చెప్పేస్తాడు. కానీ "ఏమిరా, రాసుకోలేదా?" అని అడుగుతాడు కదా. పదిహేనేళ్ళు షాపు నడిపినవాణ్ణి, ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. ముందు వచ్చింది ఆమె మోటారే, కాబట్టి ముందు విప్పిందీ ఆమెదే అయ్యుంటుంది, కాబట్టి పైదే ఆమె లెక్క అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. చుట్టడం మొదలుపెట్టాను. చుడుతున్నంతసేపూ అది ఊహేనని నాకు తెలుసు. ఈ మాట ఎన్ని తీర్ల చెప్పుకున్నా మెత్తబడదు.

మోటారు బోరులోకి దించే రోజు అక్క మనిషి చేత కబురు పంపింది, నీ చేతి మోటారు నువ్వే వచ్చి బటన్ ఒత్తాలని. మా దిక్కు అదొక ఆనవాయితీ. పోయేసరికి స్టార్టరు డబ్బాకు పసుపు పూసి కుంకుమ పెట్టి, పైపు మూతి దగ్గర టెంకాయ కొట్టి ఉంచింది. ఒత్తాను. ముందు గాలి, తర్వాత ఎర్ర బురద, ఆ తర్వాత తేట నీళ్ళు. ఆమె దోసిట్లో మొదటి నీళ్ళు పట్టి మొదటి చెట్టు మొదట్లో పోసింది. మళ్ళీ దోసిలి నింపుకుని వచ్చి నా చేతుల మీద పోసింది.

"నీ చెయ్యి చల్లగుండల్లప్పా" అంది.

ఊహ తగిలింది, బతికిపోయాను అని అప్పుడు లోలోపల ఎగిరి గంతేశాను. ఆ చేతులు తుడుచుకుని, ఆమె పెట్టిన బొరుగులు తిని, బండెక్కి వచ్చాను.

ఆరో రోజు అదే ఆటో, అదే మోటారు. మూత తీయకముందే వాసన తెలిసింది. లోపల తీగ చుట్టూ ఒకే తీరుగా నల్లగా మాడింది. అక్కను బయట బండ మీద కూర్చోమని చెప్పి, వెనకవైపు పోయి ఉస్తాదుకు ఫోను చేశాను. కంపెనీ పేరు చెప్పాను. అవతల పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. రెండు నిమిషాలు పట్టలేదు, అంకె చెప్పాడు. అది గోడ మీద కింది అంకె. నేను చుట్టింది పైది, చుట్లు తక్కువది. రాప్తాడు మోటారు ఇంకా చుట్టలేదు కాబట్టి అది బతికిపోయింది. రాసుకోలేదా అని ఆయన అడగనే లేదు. "పిల్లోళ్ళు బాగుండారా?" అని అడిగి పెట్టేశాడు.

నేను ముందుకు వచ్చేసరికి అక్క లేచి నిలబడింది. "ఏమంటావప్పా?"

"వోల్టేజీ అక్కా. కరెంటు సరిగ్గా రాక మాడిపోయినాది. మనమేం చేసేది?" అన్నాను.

ఆ మాట కోసం నేను వెతుక్కోలేదు. మా దిక్కు ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వోల్టేజీ అంటే ఎవరూ ఎదురు అడగరు, ఎందుకంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు అది నిజమే. నా అబద్ధం ఆ తొమ్మిది నిజాల చాటున నిలబడింది.

అక్క మోటారు నా దగ్గరే వదిలేసి, అదే ఆటోలో సబ్‌స్టేషన్ దగ్గరికి పోయింది. అక్కడ ఏం జరిగిందో మరుసటి రోజు షాపుకు వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ చెప్పారు. వాళ్ళ ఊరి లైన్‌మన్ అప్పుడే సైకిల్ దిగుతున్నాడట. ఆమె ఆయన చొక్కా పట్టుకుని, నా తోట తిన్నావు కదరా అని పదిమంది ముందర చెంప మీద కొట్టిందట. "ఆయప్ప నోరెత్తలేదు" అని చెప్పి మళ్ళీ నవ్వారు. దొంగకు తేలు కుట్టినట్టు నేనూ నోరెత్తలేదు. వాళ్ళతో పాటు కాస్త నవ్వాను కూడా.

ఆ సాయంత్రమే లైన్‌మన్ నా షాపుకు వచ్చాడు. సన్నటి మనిషి, మాట నెమ్మది. గడప దాటి లోపలికి రాలేదు.

"అన్నా, ఆ వారమంతా వోల్టేజీ బాగనే ఉండాది. పొద్దూ మాపూ చూసినా నేను. మోటరు విప్పింది నువ్వు. ఎందుకు కాలిందో నీకు తెలుసుంటాది. ఆమెకు ఒక మాట చెప్పు" అన్నాడు.

అప్పుడు నా ఒళ్ళో ఉన్నది ఆమె మోటారే. సరైన లెక్కతో చుడుతున్నాను. తల ఎత్తకుండా, "కరెంటు సంగతి మాకేం తెలుసప్పా. చుట్టేటోళ్ళం మేము" అన్నాను. ఆయన గడప బయటి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయనే అడిగి రాప్తాడుకు బదిలీ చేయించుకున్నాడని విన్నాను.

మోటారు రెండు రోజుల్లో కట్టిచ్చాను. కానీ దించే మనుషులు ఎనిమిది రోజుల దాకా దొరకలేదు. ఎండాకాలంలో వాళ్ళను పట్టడం కంటే వానను పట్టడం సులువు. ఆమె ట్యాంకరు తెప్పించి నలభై చెట్లకు పోసింది. మిగిలినవాటికి ముందు కాయ రాలింది, తర్వాత ఆకు లోపలికి ముడుచుకుంది, ఆపైన కొమ్మ ఎండింది. డెబ్బైకి పైగా చెట్లు నరికించింది. తొమ్మిదేళ్ళ చెట్లు. ఇంత జరిగినా నన్ను ఒక్క మాట అనలేదు. పైగా వాళ్ళ ఊరివాళ్ళను నా దగ్గరికే పంపేది. "తమ్ముని మాదిరి రెండు దినాల్లో కట్టిచ్చినాడు, కరెంటోళ్ళే ముంచినారు" అని చెప్పేదట. ఆమె పేరు చెప్పుకుని ఒక్కొక్కరు వస్తుంటే నేను తల వంచుకుని వాళ్ళ మోటార్లు దించుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అది చేశాను. గోడకు సున్నం కొట్టించాను. నోటుబుక్కు కొన్నాను. రేకు బిళ్ళల మీద నెంబర్లు కొట్టించాను. మోటారు ఆటోలోంచి దిగీ దిగకముందే, రైతుకు నీళ్ళు ఇవ్వడానికి ముందే బిళ్ళ కడతాను. మూత మీద, ఒంటి మీద, పంపు మీద అదే నెంబరు రంగుతో వేస్తాను. చుట్లు మూడుసార్లు లెక్కపెడతాను. కాగితం ఒకటి మోటారుకు, ఒకటి బుక్కులో. పీకిన తీగను అదే నెంబరు సంచిలో కట్టి, ఆ మోటారు బోరులో నెల రోజులు తిరిగేదాకా పాత సామానువాడికి వేయను. చుట్టే ముందు మా ఆవిడ బుక్కులోంచి అంకె పైకి చదవాలి, నేను కాగితం చూసి అవును అనాలి. "ఇంత బుద్ధి యాడనుంచి వచ్చిందబ్బా?" అని ఆమె అడిగితే వయసు అన్నాను. ఆమెకు కూడా చెప్పలేకపోయాను.

మూడేళ్ళు గడిచాయి. షాపుకు మంచి పేరు వచ్చింది. కొత్తగా షాపులు పెట్టుకునేవాళ్ళకు శిక్షణ ఇస్తున్నాము, నీ పద్ధతి వచ్చి చెప్పమని కొందరు పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి గంటసేపు చెప్పాను. బిళ్ళలు చూపించాను, బుక్కు చూపించాను. అందరూ రాసుకున్నారు. చివర్లో ఒక అమ్మాయి లేచి అడిగింది.

"అన్నా, ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టినారు? ఏమన్నా పొరపాటు జరిగిందా?"

"మా ఇంటామె పోరు పడలేకమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చి చొక్కా విప్పాను, అన్నం ముందు కూర్చున్నాను. మూడేళ్ళ కింద అక్కను ముంచిన అబద్ధం భయంతో ఆడింది. ఈ రోజుటిది చప్పట్ల కోసం ఆడింది.  మా ఆవిడకు మొత్తం చెప్పేశాను. ఆమె కంచం పక్కన కూర్చుని అంతా విన్నది. ఓదారుస్తుందేమో అనుకున్నాను.

"నాకు చెప్తే ఏమొస్తాది? చెప్పాల్సినామె చెరువుకు అవతల ఉండాది" అని కంచం ఎత్తుకుపోయింది.

మరుసటి పొద్దున పోయాను. నరికిన చెట్ల చోట అక్క వేరుశనక్కాయ వేసింది, అందులో కలుపు తీస్తోంది. దారంతా కొన్ని మాటలు కూడబలుక్కున్నాను. మొక్కలు నేను తెచ్చి నాటిస్తాను, బతికినంతకాలం నీ మోటారు ఊరికే కడతాను, ఇలాంటివి. నిలబడే చెప్పాను. గోడ సంగతి, పెళ్ళి సంగతి, ఊహ సంగతి. ఆమె చెయ్యి ఆగింది.

"వోల్టేజీ కాదా?"

"కాదక్కా."

"నీకెప్పుడు తెలిసె?"

"ఆ పొద్దే తెలుసు. నువ్వు బండ మీద కూర్చోని ఉండంగానే."

ఆమె గనిమ గట్టు మీద కూర్చుంది.  నేను మొక్కల మాట ఎత్తబోయాను.

"చెట్లు పోతే మళ్ళా నాటుకుంటారప్పా" అంది. "నా చేత ఆయప్పను కొట్టిచ్చినావు గదా."

 మూడేళ్ళుగా చెట్లనే లెక్కపెట్టుకుంటూ ఉన్నాను కానీ, ఆ చెంపదెబ్బ ఆమెకూ తగులుతుందని నాకు తట్టనే లేదు.

"ఇప్పుడు యాడుండాడు ఆయప్ప?" అని అడిగింది. రాప్తాడులో అన్నాను. లేచి చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని రోడ్డు వైపు నడిచింది. బండెక్కమన్నాను. "నీ బండి నాకొద్దు" అంది. ఎండలో నిలబడి బస్సెక్కింది. అనంతపురంలో దిగి ఇంకో బస్సెక్కింది. నేను రెండు బస్సుల వెనకా బండి మీద పోయాను.

సబ్‌స్టేషన్ గేటు లోపల రేకుల నీడన లైన్‌మన్ అన్నం తింటున్నాడు. ఆమెను చూసి లేచాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె రెండు చేతులూ జోడించింది.

"అన్నా, ఆ పొద్దు నీ మీద చెయ్యి చేసుకుంటి. నీ తప్పేం లేకుండె. తప్పంతా నాది" అంది.

ఆయన గబగబా ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చాడు. "అట్లనద్దమ్మా. తప్పు లేదని ఎట్లా చెప్పేది? ఆ వారం నేనే యాడో ఒక పూట సరిగ్గా చూడకపోయింటా. చెట్లన్ని పోయినాయంటే ఊరికే పోతాయా?" అన్నాడు. లోపలికి పోయి అట్టలు నలిగిన నోటుబుక్కులు మూడు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఆఫీసు బుక్కు వేరే ఉండాదిలే. ఇది నా సొంతం. అప్పట్నుంచి డ్యూటీలో ఉన్నంతసేపూ గంట గంటకూ వోల్టేజీ రాసుకుంటాండా. ఇంకొకరి తోట నా వల్ల పోగూడదని" అన్నాడు.

పేజీ నిండా తేదీలు, గంటలు, అంకెలు. ఒక్క గీత వంకర లేదు. నా బుక్కు కంటే శుభ్రంగా ఉంది. అక్క ఆ పేజీలు చూసి, ఆ తర్వాత నా వైపు చూసింది. పొలం దగ్గర బయలుదేరినప్పటి నుంచి నన్ను చూడడం అదే మొదటిసారి.

చెప్పాను. ఈసారి తల ఎత్తే చెప్పాను. చెప్పినంతసేపూ ఆయన నా మొహం చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి ఎత్తుతాడేమో అనుకున్నాను, ఎత్తితే బాగుండు అనుకున్నాను. ఆయన గోడ గడియారం వైపు చూశాడు. అంకె రాసుకునే గంటయింది. లోపలికి పోయి మీటరు చూసి వచ్చి, బుక్కు తెరిచి, ఆ గంట ఎదురుగా అంకె రాసుకున్నాడు.